నాయన కారు, నేను పోయించిన నూనె

పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఒక ఆదివారం తెల్లవారుజామున పాలప్యాకెట్ల కోసం గేటు దాకా వెళ్లిన నేను, కారు కింద నాపరాయి మీద అరచేయంత మరక చూసి అక్కడే ఆగిపోయాను. రాయి మీద నల్లగా కనిపించిన ఆ తడిని వేలితో అద్ది వెలుతురుకు పెట్టి చూస్తే తేనెరంగులో ఉంది. పాత నూనె అయితే బొగ్గులా ఉండాలి. ఇది మూడు వారాల కిందట నేనే కొని, దగ్గరుండి పోయించిన కొత్త నూనె. పక్కనే వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న నాయన నా వైపు చూశాడు గాని ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ ఇబ్బందిగా తోచింది.

కారు 1997 నాటి మారుతి 800. నెల్లూరు రిజిస్ట్రేషన్, కార్బురేటర్ బండి, మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్. కంటి ఆపరేషన్ తర్వాత నాయన నడపడం మానేసి తాళంచెవి నాకు ఇచ్చేనాటికి లక్షా నలభై వేల కిలోమీటర్లు దాటింది. అన్నేళ్లూ ఆయన 20డబ్ల్యూ-50 అనే చిక్కటి గ్రేడ్ మినరల్ ఆయిలే పోయించాడు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పెళ్లి శుభలేఖ అట్టలోంచి ఒక ముక్క కత్తిరించి, తేదీ, కిలోమీటర్లు రాసి, బానెట్ లోపల తీగతో కట్టేవాడు. నా చేతికి వచ్చాక, ట్రంకు రోడ్డులో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటర్ దగ్గరి కుర్రవాడు, "పాత ఇంజన్ కదా సార్, ఈసారి ఫుల్లీ సింథటిక్ పోయండి, కొత్త బండిలా లాగుతుంది" అన్నాడు. నూనె 5డబ్ల్యూ-30, దానికన్నా పల్చటి గ్రేడ్. ధర మామూలు దానికి దాదాపు రెట్టింపు. తండ్రి కారుకు మంచి చేస్తున్నానన్న తృప్తి కూడా ఆ ధరలోనే కలిసి ఉందేమో, నేను రెండో మాట అడగలేదు.

మొదటి వారం రోజులు కుర్రవాడు చెప్పినట్టే అనిపించింది. ఉదయం తాళం తిప్పీ తిప్పకముందే ఇంజన్ అందుకునేది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కావలి నుంచి తిరిగి వస్తూ, జాతీయ రహదారి దిగి ఊళ్లోకి వచ్చాక రద్దీలో పది నిమిషాలు ఆగవలసి వచ్చింది. అప్పుడు మీటరు బోర్డులో నూనెడబ్బా బొమ్మ ఉన్న ఎర్రలైటు మిణుకుమిణుకుమంది. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే ఆరుతుంది, తీస్తే మళ్లీ వెలుగుతుంది. ఆ లైటు నూనె మట్టం తగ్గితే వెలిగేదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నూనె పీడనం, అంటే పంపు తోస్తున్న ఒత్తిడి, మరీ పడిపోయినప్పుడు వెలిగేది. డిప్‌స్టిక్ తీసి చూసి మట్టం సరిగ్గా ఉందని ధైర్యం చెప్పుకుని ఇంటికి వచ్చేశాను. ఆ వారమే మరక కనిపించింది.

ఆటోనగర్‌లో నాయనకు ముప్పయ్యేళ్లుగా తెలిసిన మేస్త్రీ షెడ్డు ఉంది. ఆయన బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ తీసి, బనియన్ గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి, చివరి చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. "ఇది నూనెనా, నీళ్లా అబ్బయ్యా? ఏం పోసినావు దీంట్లో?" అన్నాడు. డబ్బా పేరు చెప్పాను. "అదే మరి. పాత ఇంజన్‌కి సింథటిక్ పోయకూడదు. సీళ్లను తినేస్తది. మీ నాయన్ని ఒక మాట అడగలేకపోయినావా?" అన్నాడు. సీళ్లంటే నూనె కారకుండా ఇంజన్ అతుకుల దగ్గర ఉండే రబ్బరు రింగులు.

మేస్త్రీ చేతి మీద నాకు గురి ఉంది. అయితే ఆ మాట అంతటితో ఒప్పుకోబుద్ధి కాలేదు. బండిని షెడ్డులోనే వదిలి వచ్చి, రెండు మూడు వారాలపాటు దొరికినదల్లా చదివాను. తేలినదేమిటంటే, లీకు విషయంలో మేస్త్రీ చెప్పింది నిజం, కారణం విషయంలో సగమే నిజం. నా తప్పు సింథటిక్ కొనడం కాదు, 30 గ్రేడ్ కొనడం. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లనే మన షెడ్లలోనూ, దుకాణాల కౌంటర్ల మీదా ఈ వాదన ఇన్నేళ్లుగా తెగకుండా సాగుతోందని నా అభిప్రాయం.

ముందు సింథటిక్ అంటే ఏమిటో చూడాలి. ఏ ఇంజన్ ఆయిల్ అయినా ముప్పాతిక వంతుకు పైగా మూలనూనె, తక్కినది మందులు: మడ్డిని కరిగించేవి, అరుగుదలను ఆపేవి, నురగను అణచేవి. మూలనూనెను అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) అయిదు గ్రూపులుగా విడదీసింది. మొదటి రెండూ ముడిచమురును శుద్ధి చేసి తీసినవి, మనం మినరల్ అనేవి. మూడోది కూడా ముడిచమురు నుంచి వచ్చేదే. కాకపోతే అధిక పీడనంలో హైడ్రోజన్‌తో దాని అణువులను విరిచి తిరిగి అమర్చినంత పని చేస్తారు. నాలుగోది పాలీఆల్ఫాఓలెఫిన్, అక్షరాలా రసాయనశాలలో కట్టిన నూనె. ఈస్టర్లు అనే రసాయనాల వంటి తక్కినవన్నీ అయిదో గ్రూపు. ఇందులో ఏది సింథటిక్ అన్న ప్రశ్న మీద అమెరికాలో రెండు పెద్ద కంపెనీలు తగువు పడ్డాయి. మూడో గ్రూపు నూనెను క్యాస్ట్రాల్ సింథటిక్ అని అమ్ముతోందని మొబిల్ ఫిర్యాదు చేస్తే, ప్రకటనల తగువులు తీర్చే అక్కడి సంస్థ 1999లో క్యాస్ట్రాల్ పక్షాన తీర్పు చెప్పింది. నాటి నుంచి చాలా దేశాల్లో డబ్బా మీద ఫుల్లీ సింథటిక్ అని ఉన్నా, లోపల ఉన్నది బాగా శుద్ధి చేసిన ముడిచమురు నూనె కావచ్చు. దానివల్ల అది చెడ్డ నూనె అయిపోదు. అయితే మన షెడ్లలో "మనిషి తయారు చేసిన రసాయనం, పాత ఇంజన్‌కు పడదు" అని భయపడే మాట మాత్రం చాలా డబ్బాల విషయంలో అర్థం లేనిదవుతుంది.

సీళ్లను తినేస్తుందన్న మాట కూడా గాలిలోంచి పుట్టింది కాదు. 1970లలో సింథటిక్ నూనెలు కార్ల కోసం బజారులోకి వచ్చిన తొలిరోజుల్లో కొన్నింటివల్ల నిజంగానే లీకులు వచ్చాయి. పాలీఆల్ఫాఓలెఫిన్ ఒక్కటే ఉంటే రబ్బరు కాస్త ముడుచుకుంటుంది. ఈస్టర్ తగిలితే ఉబ్బుతుంది. ఈ రెండింటినీ తగు పాళ్లలో కలిపి రబ్బరు ఉన్నది ఉన్నట్టు ఉండేలా చేయడం నూనె తయారీదారులు తొందరలోనే నేర్చుకున్నారు. లోపం పోయి దశాబ్దాలు గడిచాయి, దాని పేరు మాత్రం మిగిలింది. అలాగే, సింథటిక్‌నూ మినరల్‌నూ కలిపితే పాలు విరిగినట్టు విరిగిపోతాయన్న మాట కూడా తప్పే. ఏపీఐ గుర్తు ఉన్న నూనెలు ఒకదానితో ఒకటి కలవగలిగి ఉండాలన్నది ఆ ప్రమాణంలోని నిబంధన. ఒకసారి సింథటిక్ పోస్తే ఇక మినరల్‌కు తిరిగి రాకూడదన్నది కూడా ఈ కోవలోదే.

ఇక గ్రేడ్. డబ్బా మీద 5డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 అని ఉండే అంకెల్లో డబ్ల్యూ అంటే చలికాలం. 5డబ్ల్యూ నూనె చలిలో స్టార్టర్‌కు ఎంత అడ్డుపడుతుందో సున్నాకు దిగువన 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. 20డబ్ల్యూ నూనెను సున్నాకు దిగువన 15 డిగ్రీల దగ్గర. మన నెల్లూరులో ధనుర్మాసపు తెల్లవారుజామున కూడా వేడి 20 డిగ్రీలకు కాస్త అటూఇటూగా ఉంటుంది. కాబట్టి మొదటి అంకె మనకు పట్టదని నేను కొంతకాలం అనుకున్నాను. అది పూర్తిగా సరి కాదు. వంద డిగ్రీల దగ్గర పనిచేయడానికి తయారైన నూనెకు మన ముప్పయి డిగ్రీలు కూడా చలే. 20డబ్ల్యూ-50 నూనె చిక్కదనం వంద డిగ్రీల దగ్గర సుమారు 18 సెంటీస్టోకులు ఉంటే, నలభై డిగ్రీల దగ్గర 150కి పైనే ఉంటుంది. 5డబ్ల్యూ-30 అయితే 11 దగ్గర నుంచి 65 దగ్గరికి పోతుంది. రాత్రి వండిన చేపల పులుసు పొద్దున చట్టిలో ఎలా బిగుసుకుని ఉంటుందో మన జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పొయ్యి మీద పెడితే అదే పులుసు మళ్లీ జారుతుంది. నా కారు పొద్దున్నే తొందరగా అందుకోవడానికి కారణం పల్చటి 5డబ్ల్యూ నూనె, కుర్రవాడు చెప్పిన మహిమ కాదు.

మొదటి అంకె ఇంజన్‌ను లేపేటప్పటిది, రెండో అంకె దాన్ని నడిపేటప్పటిది. 30 అంటే వంద డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. నాయన దాచిన కారు పుస్తకంలో బయటి వేడిని బట్టి ఏ గ్రేడ్ వాడాలో గీతలు గీసి చూపిన పట్టిక ఉంది. అది డ్యాష్‌బోర్డు అరలోనే ఉన్నా, నేను తీసి చూసింది మరక పడ్డాక. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజన్‌లో బేరింగులకూ, ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్‌కూ మధ్య సందు కొత్తదానికన్నా పెరిగి ఉంటుంది. నూనె పంపు పళ్లూ అరిగి ఉంటాయి. పల్చటి నూనె ఆ సందుల్లోంచి సులువుగా జారిపోతే పంపుకు ఎదురు ఒత్తిడి తగలదు. ఇంజన్ వేగంగా తిరిగినంతసేపు పంపు ఎలాగో నెట్టుకొస్తుంది. మండుటెండలో ట్రాఫిక్‌లో ఆగి నిమిషానికి ఎనిమిది వందల చుట్ల దగ్గర గురగురలాడుతున్నప్పుడు నెట్టుకురాలేదు. ఎర్రలైటు మిణుకుమన్నది అందుకే. మినరల్‌లో దొరికే 30 గ్రేడ్ పోసినా అది అలాగే మిణుకుమనేది.

లీకు సంగతి మరింత సూటిగా తేలింది, ఎందుకంటే దాన్ని కళ్లారా చూశాను. మేస్త్రీ స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ విప్పి, దాని మెడకు ఉండే రబ్బరు రింగును స్క్రూడ్రైవర్ కొసతో లేపాడు. గుండ్రంగా ఉండవలసిన ఆ రింగు ఒత్తిడికి అణగి పలకలు తేలి ఉంది. నాకు ఇస్తే వంచి చూశాను, గాజు విరిగినట్టు పుటుక్కున రెండు ముక్కలైంది. పాతికేళ్లకు పైబడిన వేడికి నైట్రైల్ రబ్బరు పరిస్థితి అది. దాన్ని ఏ సింథటిక్కూ మూడు వారాల్లో అలా చేయలేదు, అది ఎప్పుడో అలా అయిపోయి ఉంది. మరి ఇన్నాళ్లూ ఎందుకు కారలేదు? ఇంజన్ పైమూత, అంటే టాపెట్ కవర్, ఎత్తినప్పుడు జవాబు దొరికింది. లోపలి గోడలంతా బెల్లంపాకం ముదిరి మాడినట్టు గోధుమరంగు పూత, మూలల్లో గోరుతో గీస్తే ముద్దగా వచ్చే నల్లటి మడ్డి. ఆ మడ్డే గట్టిపడిన రబ్బరు చుట్టూ చేరి సీలు పని చేస్తూ వచ్చింది. కొత్త నూనెలోని శుభ్రపరిచే మందులు దాన్ని కొద్దికొద్దిగా కరిగించాయి, పల్చటి నూనె ఆ సందును వెతుక్కుంది. తినేసిందన్న మాట నిజమే, అయితే తిన్నది సీలును కాదు, సీలుకు అతికిన మకిలిని.

ఇక్కడ మేస్త్రీకి నేను ఒక నమస్కారం బాకీ ఉన్నాను. ఆ మడ్డి చూడగానే, దుకాణాల్లో దొరికే ఇంజన్ ఫ్లష్ ఒక డబ్బా పోసి అంతా ఒకేసారి కడిగేద్దామని నేను అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఏళ్లుగా పేరుకున్న మడ్డి ఒక్కసారిగా పెళ్లలుగా ఊడితే ఛాంబర్ (ఇంజన్ కింద నూనె నిలిచే తొట్టి) అడుగున పంపు నోటికి ఉండే జల్లెడలో అడ్డుపడుతుందనీ, అప్పుడు నూనె నిండా ఉన్నా బేరింగులకు చుక్క అందదనీ, అలా బిగుసుకుపోయిన ఇంజన్లను తాను విప్పాననీ చెప్పాడు. మెల్లగా కరగనియ్యాలి, నూనె రెండుసార్లు తొందరగా మార్చాలి, ఫిల్టర్ ప్రతిసారీ మార్చాలి అన్నాడు. ఛాంబర్ దించి జల్లెడ చేత్తో కడిగాం. రసాయన శాస్త్రంలో ఆయన కారణం ఎలా ఉన్నా, ఆయన వైద్యం మాత్రం నేను చదివినదానికి అక్షరాలా సరిపోయింది.

డిస్ట్రిబ్యూటర్ రింగు, టాపెట్ కవర్ ప్యాకింగ్, క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) సీల్, క్రాంక్ ముందు సీల్ మార్పించాను. ముందువైపు సీళ్లు కారితే నూనె టైమింగ్ బెల్టు మీద పడి దాన్ని పాడుచేస్తుంది కాబట్టి వాటికోసం విప్పినప్పుడే బెల్టు కూడా మార్చడం మంచిది. వెనక సీల్ మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. వస్తువు ఖరీదు వందల్లో, కూలి వేలల్లో. నాలుగు రోజులు పట్టింది.

బండి షెడ్డులో ఉన్న ఆ రోజుల్లోనే ఒంగోలు వెళ్లి పెదనాన్న ఇంట్లో రెండు రోజులు ఉన్నాను. ఆయన దగ్గర 1980ల నాటి పెట్రోల్ అంబాసిడర్ ఉంది. నెలకు రెండుసార్లు కదులుతుంది. పెదనాన్నకు నా కథంతా చెబితే, ఆయన మా తాత రోజుల బండి కందెన సంగతి ఎత్తాడు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి పూసేవాళ్లనీ, పల్చగా ఉంటే జారిపోతుందనీ, మరీ గట్టిగా ఉంటే ఎడ్లు లాగలేవనీ, ఒంగోలు గిత్తలే అయినా రొప్పుతాయనీ చెప్పాడు. క్యాస్ట్రాల్ అన్న పేరే ఆముదానికి ఉన్న ఇంగ్లీషు పేరులోంచి పుట్టిందని నేను చెబితే ఆయన ముచ్చటపడ్డాడు. ఇరుసు కందెనలో గ్రేడ్ చూసుకున్న మనుషుల మనవడిని, డబ్బా మీద అంకె చూడలేదు.

అంబాసిడర్ సంగతి నా కారు కన్నా చిక్కు. మారుతి ఇంజన్‌ను పాతదంటున్నాం గాని, దానిలో క్యామ్ పైన ఉంటుంది, నూనె కారకుండా రబ్బరు సీళ్లు ఉంటాయి. అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు వాడిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బ్రిటన్‌లో పుట్టిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) బీ-సిరీస్ కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలోని పాత ఇంజన్లకు క్రాంక్ షాఫ్ట్ వెనక కొసన రబ్బరు సీల్ అంటూ ఉండదు. మరలాగా చెక్కిన ఒక గాడి ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు ఆ గాడి నూనెను లోపలికి తోస్తుంది. ఆగినప్పుడు తోసేవారు ఉండరు గనుక, పల్చటి నూనె మెల్లగా బయటి దారి పడుతుంది. అలాంటి ఇంజన్‌లో 5డబ్ల్యూ-30 పోసి ఇంటిముందు మరక పడిందని బాధపడటం, జల్లెడలో నీళ్లు పోసి కారుతున్నాయని బాధపడటం వంటిదే.

అందులో రెండో ఇబ్బంది టాపెట్లది. పాత పుష్‌రాడ్ ఇంజన్లలో, అంటే కింద ఉన్న క్యామ్ కడ్డీలతో వాల్వులను తోసేవాటిలో, క్యామ్ మీద ఆనే చదునైన ముక్కలు, టాపెట్లు, రాసుకుంటూ జారుతాయి, రోలర్లు ఉండవు. అంత ఒత్తిడిలో లోహం లోహాన్ని కొరకకుండా కాపాడేది జింకు, భాస్వరం కలిసిన ఒక మందు. జెడ్‌డీడీపీ అంటారు, 1940ల నుంచి వాడుకలో ఉంది. భాస్వరం పొగగొట్టంలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కాబట్టి, 2004లో వచ్చిన ఏపీఐ ఎస్‌ఎమ్ ప్రమాణం నుంచి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటి పల్చటి గ్రేడ్లలో భాస్వరాన్ని 0.08 శాతానికి పరిమితం చేశారు. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 వంటి చిక్కటి గ్రేడ్లకు ఆ పైహద్దు వర్తించదు. అందువల్ల పెదనాన్న బండికి చిక్కటి గ్రేడ్ రెండు విధాలా మేలు. అది మినరల్ అయినా, సింథటిక్ అయినా. ఆయన మాత్రం ఇవేవీ వినకుండానే 20డబ్ల్యూ-50 పోయిస్తున్నాడు, బండి కింద ఒక పాత అల్యూమినియం పళ్లెం పెట్టి ఉంచుతున్నాడు.

నెల్లూరు తిరిగి వచ్చాక మేస్త్రీతో ఒక పందెం లాంటిది వేశాను. సీళ్లు కొత్తవి పడ్డాయి కదా, ఈసారి కూడా ఫుల్లీ సింథటిక్కే పోద్దాం, కాకపోతే 15డబ్ల్యూ-50 పోద్దాం, కారితే మళ్లీ మినరల్ పోసి మీ మాటే వింటాను అన్నాను. "నీ డబ్బులు, నీ బండి" అన్నాడు. ఆ రోహిణి కార్తె ఎండల్లో రెండుసార్లు ఒంగోలు, ఒకసారి చెన్నై వెళ్లి వచ్చినా, తర్వాతి వేసవిదాకా నాపరాయి మీద మరక పడలేదు. ఎర్రలైటు కూడా వెలగలేదు. మొదట్లో ప్రతి ఆదివారం పొద్దున్నే, ఇంజన్ వేడెక్కకముందు, డిప్‌స్టిక్ చూసి గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టేవాడిని. ఏడాదికి అర లీటరుకు కాస్త తక్కువే కలపవలసి వచ్చింది. రింగులు అరిగిన ఇంజన్ ఆ మాత్రం తాగుతుంది.

పందెం నేనే గెలిచాను. అయినా ఈ ఏప్రిల్‌లో తిరిగి 20డబ్ల్యూ-50 మినరల్‌కే వచ్చాను, దాని కారణం కూడా చెప్పాలి. సింథటిక్ నూనె అసలు బలం వేడికి చెడకుండా నిలబడటంలో ఉంది. నూనె వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా అది గాలితో కలిసి చెడే వేగం సుమారు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. టర్బో ఇంజన్లలో, రోజంతా హైవే మీద పరిగెత్తే ట్యాక్సీల్లో, నూనె మార్చే గడువు పదివేల కిలోమీటర్లకు పెట్టుకునే కొత్త కార్లలో ఆ బలం డబ్బుకు తగ్గ పని చేస్తుంది. నా కారు ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. అందులోనూ ఎక్కువ భాగం మాగుంట లేఅవుట్ నుంచి కూరగాయల మార్కెట్ దాకా. అలాంటి బండిలో నూనెను చెడగొట్టేది వేడి కాదు, వేడెక్కకపోవడం. చిన్న ప్రయాణాల్లో ఇంజన్ లోపల చేరే నీటి ఆవిరి బయటికి పోదు. పొద్దున చోక్ లాగినప్పుడు మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడలమ్మట నూనెలోకి దిగుతుంది. కార్బురేటర్ బండ్లలో పెట్రోలు పంపు లోపలి పొర చిరిగితే ఏకంగా పెట్రోలే ఛాంబర్‌లోకి పోతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంటే, వాసన చూస్తే పెట్రోలు కొడుతుంటే, అదే అనుమానించాలి. ఈ నీటికీ పెట్రోలుకీ సింథటిక్ దగ్గర మందు లేదు. ఉన్న మందు ఒకటే, ఏడాది తిరగకముందే ఉన్న నూనె దించి కొత్తది పోయడం. ఒక డబ్బా సింథటిక్ ఖరీదుకు రెండుసార్లు మినరల్ మార్చుకోవచ్చు. మూడు వేల కిలోమీటర్ల కారుకు ఆ రెండుసార్లే ఎక్కువ మేలు.

పాత కారు ఉన్న స్నేహితులు ఈమధ్య అడుగుతుంటారు, పోయవచ్చా వద్దా అని. ముందు కిందకు వంగి చూడమంటాను. సీళ్లు చెమ్మగా ఉంటే ఏ నూనె పోసినా ముందు వాటి పని చూడాలి. కారు పుస్తకంలో ఉన్న రెండో అంకె మార్చవద్దంటాను. చెన్నైకీ బెంగళూరుకీ తరచుగా తిరిగేవాళ్లకు అదే అంకెలో సింథటిక్ పోయమనే చెబుతాను. కొన్ని దేశాల్లో పాత ఇంజన్ల కోసమే సీళ్లను మెత్తబరిచే మందు కలిపిన నూనెలు విడిగా అమ్ముతారు. మన దుకాణాల్లో అవి అంత సులువుగా దొరకవు. కొన్న డబ్బా మూత సీలు తమ కళ్లముందే తెగాలనీ, ఖాళీ డబ్బాకు అక్కడే చిల్లు పొడవాలనీ కూడా చెబుతాను. పాత డబ్బాల్లో కల్తీ నూనె నింపి అమ్మేవాళ్లు లేకపోలేదు, వాళ్లముందు మినరల్, సింథటిక్ అన్న తేడా నిలవదు. దించిన నల్ల నూనెను కాలువలో పోయనివ్వవద్దు. చెదలకని తలుపుచెక్కలకు చేత్తో పూసే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. వాడిన ఇంజన్ ఆయిల్ చర్మానికి మంచిది కాదు. మా మేస్త్రీ డ్రమ్ములో పట్టి, తీసుకుపోయేవాళ్లకు అమ్ముతాడు.

ఏప్రిల్‌లో నూనె మార్చిన రోజు మేస్త్రీ తన గెలుపుగా నవ్వాడు, నేను గ్రేడ్ సంగతి మళ్లీ మొదలుపెడితే చేయి ఊపి, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయడంలో మునిగిపోయాడు. ఇంటికి వచ్చాక నాయన వరండాలోంచి లేచి వచ్చి, బానెట్ ఎత్తమని, వేలు డిప్‌స్టిక్ కొసకు ఆనించి చూసుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్లి, మా పిన్ని కూతురి పెళ్లి శుభలేఖ అట్ట, కత్తెర పట్టుకుని వచ్చాడు. కళ్లు సరిగా ఆనక తేదీ నన్ను రాయమన్నాడు, కిలోమీటర్లు తాను అడిగి మరీ పక్కన రాయించాడు, తీగ మాత్రం తనే మెలిపెట్టి కట్టాడు.